ఎడమ ఇంజన్ రేజ్ ఎక్కువ, బోటు ఎడమకే లాగుతోంది: జబ్బు ఏ ఇంజన్‌ది?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. సూళ్లూరుపేట వైపు పులికాట్‌లో మీకు 24 అడుగుల ఫైబర్ బోటు ఉంది. వెనుక రెండు 40 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజన్లు. ఈ మధ్య బోటు ఇసుక మేటకు తగిలింది. అప్పటి నుంచి ఫుల్ థ్రాటిల్‌లో ఎడమ ఇంజన్ 5,900 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) చూపిస్తోంది, కుడిది 5,200 దగ్గరే ఆగుతోంది. వెనుక వణుకు వస్తోంది. స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నా బోటు ఎడమకు పోతోంది. వేగం జీపీఎస్‌లో గంటకు 36 కిలోమీటర్లు దాటడం లేదు. ఒక మెకానిక్ చూసి కుడి ఇంజన్ వీక్ అయింది, విప్పాలన్నాడు. ఇంకొకరు రెండు ప్రొపెల్లర్లూ కొత్తవి వేసేయమన్నారు. ఎవరి మాట వినాలని అడుగుతున్నారు.

ఇప్పటికైతే ఇద్దరి మాటా వద్దు. కుడి ఇంజన్‌ను ముట్టుకోకండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఎడమ వైపునే చూపిస్తున్నాయి. అది కూడా ఇంజన్‌లో కాదు, దాని కింద ప్రొపెల్లర్ దగ్గర. నా అనుమానం మొదట ఎడమ ప్రొపెల్లర్ లోపలి రబ్బరు బుష్ మీద, తర్వాత వంగిన రెక్క మీద. మీ దగ్గరున్న రెండు ప్రొపెల్లర్లను అటుదిటు, ఇటుదటు మార్చి ఒక్కసారి నడిపితే సగం సంగతి తేలిపోతుంది. పైసా ఖర్చు లేదు.

నేను తడ, సూళ్లూరుపేట చుట్టుపక్కల ఔట్‌బోర్డ్ ఇంజన్లు చాలా ఏళ్లుగా చేస్తున్నాను. రెండు ఇంజన్ల బోటు వచ్చిందంటే మీటరులో అంకె తక్కువ ఉన్న ఇంజన్‌నే అందరూ ముందు అనుమానిస్తారు. చూడగానే అలాగే అనిపిస్తుంది. కానీ ఇంజన్ పని షాఫ్ట్ తిప్పడం వరకే, నీళ్లను పట్టుకునేది ప్రొపెల్లర్. ఆ పట్టు సడలితే ఇంజన్ మీద లోడు తగ్గి రేజ్ పైకి పోతుంది, తోసే బలం మాత్రం పడిపోతుంది. బైకులో క్లచ్ ప్లేట్లు అరిగితే ఇంజన్ అరుస్తుంది గానీ బండి కదలదు చూడండి, అదే పద్ధతి. ఎడమ ఇంజన్ తోపుడు తగ్గి కుడిది మామూలుగా తోస్తుంటే బోటు ముక్కు ఎడమకే తిరగాలి. మీ బోటు సరిగ్గా అదే చేస్తోంది. కుడి ఇంజన్ నిజంగా వీక్ అయి ఉంటే బోటు కుడికి పోవాలి కదా.

అందుకే రెండు ఇంజన్ల బోటులో నేను ఎప్పుడూ రెండు విషయాలు కలిపి చూస్తాను: ఆర్‌పీఎం ఏ వైపు మారింది, బోటు ఏ వైపు లాగుతోంది. రేజ్ పెరిగి, బోటు అదే వైపుకు లాగితే ప్రొపెల్లర్ పట్టు పోయింది. రేజ్ తగ్గి, బోటు అదే వైపుకు లాగితే ఆ ఇంజన్‌కు పెట్రోలు సరిగా అందడం లేదు, ఒక సిలిండర్ పనిచేయడం లేదు, థ్రాటిల్ కేబుల్ పూర్తిగా తెరుచుకోవడం లేదు, లేదంటే ప్రొపెల్లర్‌కు వల చుట్టుకుంది. రేజ్‌లో తేడా ఉన్నా బోటు తిన్నగానే పోతుంటే రెండు ప్రొపెల్లర్ల పిచ్ వేరై ఉండొచ్చు, లేదా మీటరే తప్పు చూపిస్తుండొచ్చు.

మీటరు సంగతి చెవితోనే తేల్చుకోవచ్చు. రెండు ఇంజన్ల ఆర్‌పీఎంలో కొంచెం తేడా ఉంటే శబ్దం ఒక లయలో పెరుగుతూ తగ్గుతూ వినిపిస్తుంది. దగ్గర పడేకొద్దీ ఆ లయ నెమ్మదిస్తుంది, సమానమైతే ఆగిపోతుంది. రెండు మీటర్లలో తేడా ఉన్నా శబ్దం ఒక్కటిగా వినిపిస్తే మీటరు అబద్ధం చెబుతోందని అర్థం. మీ తేడా 700. అంత తేడా ఉంటే మీటరు చూడకుండానే తెలిసిపోతుంది.

ఇక ఒక చిన్న లెక్క. ప్రొపెల్లర్ మీద రెండు కొలతలు ఉంటాయి, ఉదాహరణకు 11 1/8 × 13 అని. మొదటిది వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లో. పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే, జారుడేమీ లేకపోతే, ముందుకు పోవాల్సిన దూరం. ఇంజన్ ఆర్‌పీఎంను గేర్ రేషియోతో (ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ అంకెతో) భాగించి, పిచ్‌తో గుణించి, దాన్ని 0.001524తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. మీ ఇంజన్ గేర్ రేషియో 2, పిచ్ 13 అనుకుందాం. కుడి ఇంజన్ 5,200 దగ్గర జారుడు లేకుండా 51.5 కిలోమీటర్ల వేగంతో పోవాలి. ఎడమది 5,900 దగ్గర 58.4 కిలోమీటర్లతో పోవాలి. నిజంగా పోతున్నది 36. అంటే కుడి ప్రొపెల్లర్ 30 శాతం జారుతోంది, ఎడమది 38 శాతం దాటి జారుతోంది.

ఒకే బోటుకు బిగించినవి కాబట్టి రెండూ నీళ్లలో పోయేది ఒకే వేగంతో. జారుడులో మాత్రం ఇంత తేడా ఉంది. ఒకే ఇంజన్ ఉన్న బోటులో ఇలా పోల్చుకునే వీలు ఉండదు. మీకు పక్కనే కొలబద్ద ఉంది, వాడుకోండి. కుడి వైపు 30 శాతం కూడా కొంచెం ఎక్కువే. కానీ జనాన్ని ఎక్కించుకుని, తోసే బలం ఒక పక్క తగ్గిపోయి, స్టీరింగ్ పక్కకు పట్టుకుని నడుపుతున్న బోటులో అంత జారడం నాకు ఆశ్చర్యం కాదు. ఎడమది బాగైతే కుడి వైపు అంకె కూడా మెరుగుపడుతుంది. మీ మాన్యువల్‌లో గేర్ రేషియో చూసి ఈ లెక్క మళ్లీ వేసుకోండి.

చెయ్యి పెట్టే ముందు రెండు ఇంజన్ల తాళాలూ తీసి జేబులో పెట్టుకోండి. ఇంజన్‌ను వెంటనే ఆపే కిల్ స్విచ్ తాడు తీసేయండి, బ్యాటరీ స్విచ్ ఆపేయండి, ప్లగ్ వైర్లు కూడా పీకండి. ఒక్క ఎడమ ఇంజన్‌కే పని అని కుడిదాన్ని అలాగే వదిలేయొద్దు. రెండూ పక్కపక్కనే ఉంటాయి. మీరు ఎడమ ప్రొపెల్లర్ దగ్గర వంగి ఉండగా పైన ఎవరో తెలియక కుడి ఇంజన్ స్టార్ట్ చేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి పని చేసే మన దగ్గర ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం.

ముందు ఎడమ ఇంజన్ టిల్ట్ చేసి, అంటే పైకి వంచి లేపి, కళ్లతో చూడండి. రెక్కల అంచులు, చివరలు వంగాయా, చిట్లాయా, రెక్క మొదట్లో పగులు గీత ఉందా చూడాలి. రెక్కల మధ్య గొట్టం వెనుక చివర వెడల్పుగా విచ్చుకున్న అంచు ఉంటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ఇంజన్ పొగ ఆ గొట్టం గుండానే బయటికి పోతుంది. ఆ అంచు విరిగితే పొగ వెనక్కి తిరిగి రెక్కల్లోకి వచ్చి నీటి పట్టు వదులు చేస్తుంది. రేజ్ పెరగడానికి అదొక్కటి చాలు.

తర్వాత రెండు ప్రొపెల్లర్ల మీద గుద్దిన అంకెలు చదివి రాసుకోండి. రంగు కింద దాగి ఉంటే ఎమరీ పేపర్‌తో రుద్దండి. పిచ్ ఒక అంగుళం తగ్గితే ఆర్‌పీఎం సుమారు 150 నుంచి 200 పెరుగుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బోట్లలో రెండు వైపులా వేర్వేరు పిచ్‌లు ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఓనర్లకు ఆ సంగతే తెలియదు, ఏళ్ల తరబడి ఒక ఇంజన్ మీటరును తిట్టుకుంటూ నడుపుతుంటారు. మీకు గుద్దుకున్న తర్వాతే మొదలైంది కాబట్టి ఇది మీ కారణం కాకపోవచ్చు, అయినా రెండు నిమిషాల పని.

రబ్బరు బుష్ పరీక్ష. ఇదే అసలైనది. ప్రొపెల్లర్ బయటి గొట్టానికీ షాఫ్ట్ మీద కూర్చునే లోపలి పళ్ల భాగానికీ మధ్య రబ్బరు నొక్కి బిగించి ఉంటుంది. గేర్ పడేటప్పుడు వచ్చే కుదుపును, ఇసుకకు తగిలినప్పటి దెబ్బను ఆ రబ్బరు తీసుకుంటుంది. గట్టి దెబ్బ తగిలితే దాని పట్టు వదిలిపోతుంది. ఆ తర్వాత నెమ్మదిగా నడిపితే అంతా బాగున్నట్టే ఉంటుంది, థ్రాటిల్ పెంచగానే లోపల జారి రేజ్ మాత్రం పైకి లేస్తుంది. చేత్తో పట్టుకుని తిప్పి చూసి "బుష్ గట్టిగానే ఉంది" అనే వాళ్లను నమ్మకండి. ఇంజన్ ఇచ్చే బలంలో మన చేతి బలం ఎంత?

పరీక్ష ఇలా చేయండి. వెనుక నుంచి చూస్తే లోపలి భాగం, రబ్బరు, బయటి గొట్టం వరసగా కనిపిస్తాయి. నట్టు, వాషరు అడ్డొస్తే విప్పి చూడండి. తుడిచి, ఆరబెట్టి, మూడింటి మీదుగా ఒకే తిన్నని గీత రంగుతో గానీ నెయిల్ పాలిష్‌తో గానీ గీయండి. మార్కర్ నీళ్లకు చెరిగిపోతుంది. ఆరాక మళ్లీ బిగించి, లోతున్న చోటుకు తీసుకెళ్లి ఫుల్ థ్రాటిల్‌లో కొద్ది నిమిషాలు నడిపి వచ్చి చూడండి. గీత విరిగి లోపలి ముక్క ఒక చోట, బయటి ముక్క ఒక చోట ఉంటే బుష్ పోయినట్టే. రేజ్ పెరగడానికి ఇక వేరే కారణం వెతకక్కర్లేదు. రబ్బరు వేడెక్కాకే జారే బుష్‌లు కూడా ఉంటాయి, అందుకే ఒక్క నిమిషం నడిపి వచ్చేయకండి.

గీత చెక్కుచెదరకపోతే ప్రొపెల్లర్లు అటుఇటు మార్చండి. మీ సైజు ఇంజన్లలో ఎదురు తిరిగే రకం మామూలుగా రాదు, రెండూ ఒకే వైపు తిరుగుతాయి, కాబట్టి మార్చొచ్చు. పెద్ద హెచ్‌పీ జంటల్లో మాత్రం కుడిది సవ్యంగా, ఎడమది అపసవ్యంగా తిరిగేలా బిగిస్తారు. వాటి ప్రొపెల్లర్లు ఒకదాని చోట ఒకటి వేస్తే ముందు గేర్‌లో బోటు వెనక్కి పోతుంది. అలాంటి బోటు ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే మార్చకండి, స్పేర్ వేసి చూడండి.

మార్చిన తర్వాత కుడి ఇంజన్ 5,900కు ఎక్కి, బోటు కుడికి లాగడం మొదలుపెడితే తప్పు ప్రొపెల్లర్‌దే. అది ఎటు పోతే జబ్బు అటు పోయింది. మార్చినా ఎడమ ఇంజనే ఎక్కువ తిరుగుతుంటే ప్రొపెల్లర్‌కు దోషం లేదు. షాఫ్ట్, ఇంజన్ ఎత్తు, అది నిలబడిన కోణం చూడాలి. ఈ పరీక్షకు ప్రయాణికుల్ని ఎక్కించకండి. మామూలు లోడు కావాలంటే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు పెట్టండి, ఒక్కోటి 20 కిలోలు. నడిపేవాళ్లు లైఫ్ జాకెట్ వేసుకోవాలి.

విప్పడం తెలియకపోతే చెబుతాను. గేర్ న్యూట్రల్‌లో ఉండాలి. రెక్కకూ దాని పైన అడ్డంగా ఉన్న ప్లేటుకూ మధ్య చెక్క ముక్క పెడితే ప్రొపెల్లర్ తిరగదు. స్ప్లిట్ పిన్ తీసి, నట్టు విప్పి, వాషరు, స్పేసరు వచ్చిన వరసలోనే గుడ్డ మీద పేర్చండి. ప్రొపెల్లర్ వెనక్కి లాగాక షాఫ్ట్ మీద ఒక మందమైన వాషరు మిగులుతుంది. అది జారి నీళ్లలో పడితే, అది లేకుండా బిగిస్తే, ప్రొపెల్లర్ గేర్ కేసుకు (గేర్లుండే కింది భాగానికి) రాసుకుని రెండూ పాడవుతాయి. మళ్లీ వేసేటప్పుడు షాఫ్ట్ పళ్లకు మెరైన్ గ్రీజు బాగా పట్టించండి. ఉప్పునీళ్లలో గ్రీజు లేకుండా బిగించిన ప్రొపెల్లర్ తర్వాత సుత్తితో కూడా రాదు. నట్టు మాన్యువల్‌లో చెప్పినంత బిగించాక పిన్ రంధ్రం కలవకపోతే ఇంకొంచెం బిగించి కలపండి, వదులు చేసి కలపకండి. స్ప్లిట్ పిన్ ప్రతిసారీ కొత్తది, స్టెయిన్‌లెస్ స్టీలుది వేయాలి.

ప్రొపెల్లర్ బయటికి వచ్చినప్పుడే ఇంకో రెండు చూసేయండి. మొదటిది వల దారం. పులికాట్‌లో నేను చూసే గేర్ కేసు రిపేర్లలో ఎక్కువ భాగం దీనివల్లే. సన్నటి నైలాన్ దారం ప్రొపెల్లర్ వెనక్కి చేరి షాఫ్ట్‌కు చుట్టుకుని, వేడికి కరిగి, ఆయిల్ సీల్‌ను కోసేస్తుంది. బయటికి ఏమీ కనిపించదు. లోపలికి ఉప్పునీళ్లు చేరి గేర్ ఆయిల్ పాల రంగులోకి మారుతుంది. కింది డ్రెయిన్ స్క్రూ కొంచెం వదులు చేసి రెండు చుక్కలు చూడండి. నల్లగానో తేనె రంగులోనో ఉంటే పరవాలేదు. తెల్లగా ఉంటే, లేదా ముందు నీళ్లే వస్తే, బోటు నడపడం ఆపి సీళ్లు మార్పించండి. సీళ్ల ఖర్చుతో పోయేదాన్ని ఒక సీజన్ నడిపి గేర్లు, బేరింగ్‌లు మొత్తం మార్పించుకున్న బోటు మా దగ్గరికి వచ్చింది. ఆ ఓనరు కూడా మొదట వచ్చింది ప్రొపెల్లర్ వణుకుతోందనే.

రెండోది షాఫ్ట్. న్యూట్రల్‌లో ఖాళీ షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతూ, దాని కొనకు వెంట్రుకవాసి దూరంలో ఒక పుల్లనో స్క్రూడ్రైవర్ కొననో కదలకుండా పట్టుకోండి. మధ్య సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే షాఫ్ట్ వంగింది. వంగిన షాఫ్ట్ మీద ఎంత మంచి ప్రొపెల్లర్ వేసినా వణుకుతుంది, కొత్త సీళ్లను కూడా తినేస్తుంది. దాన్ని సుత్తితో సరిచేస్తామనే వాళ్లకు ఇవ్వకండి, మార్చాలి.

రెక్క వంగిందో లేదో కంటికి తెలియకపోతే సమతలంగా ఉన్న కడప బండ మీద ప్రొపెల్లర్‌ను నిలబెట్టి, మూడు రెక్కల కొనలూ బండకు ఎంత ఎత్తులో ఉన్నాయో స్కేలుతో కొలవండి. గొట్టం మధ్య నుంచి ఒకే దూరంలో ముందు అంచు ఎత్తు, వెనుక అంచు ఎత్తు కూడా మూడింటికీ కొలిచి రాసుకోండి. మూడూ కలవాలి. ఒక రెక్క రెండు మూడు మిల్లీమీటర్లు తేడా చూపించినా వణుకు అక్కడి నుంచే.

మన నీళ్లకు ప్రత్యేకమైన సంగతి ఒకటి ఉంది. పులికాట్ లోతు చాలా చోట్ల మనిషి నడుము దాకా కూడా ఉండదు, ఎండాకాలంలో ఇంకా తగ్గుతుంది. ప్రొపెల్లర్ ఇసుక కలిసిన నీళ్లలోనే ఎప్పుడూ తిరుగుతుంది. రాయికి తగలకపోయినా రెక్కల అంచులు అరిగి గుండ్రమవుతాయి, వ్యాసం తగ్గుతుంది, రేజ్ నెలనెలా కొంచెం కొంచెం పెరుగుతుంది. పైగా మన డ్రైవర్లకు ఒడ్డుకు చేర్చేటప్పుడు, బోటు తిప్పేటప్పుడు ఒకే ఇంజన్ వాడే అలవాటు. ఆ వైపు ప్రొపెల్లర్ ముందు అరుగుతుంది. మీ ఎడమ ప్రొపెల్లర్ వ్యాసం కొలిచి కుడిదానితో పోల్చండి. ఇసుక మేట తగలడం చివరి దెబ్బ మాత్రమే అయి ఉండొచ్చు, జారుడు అంతకుముందే మొదలై ఉండొచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాళంగి, ఆరణి నదుల నుంచి కొత్త నీరు వచ్చినప్పుడు నాచు, చెత్త కూడా కొట్టుకొస్తాయి. ఆ రోజుల్లో ఉన్నట్టుండి రేజ్ మారితే ముందు వెనక్కి గేర్ వేసి కాసేపు తిప్పి చూడండి, చాలాసార్లు చుట్టుకున్నది ఊడిపోతుంది.

ప్రొపెల్లర్, షాఫ్ట్ రెండూ బాగుండి రేజ్ మాత్రం ఎక్కువే ఉంటే, రెక్కల్లోకి గాలి చేరుతోందని అర్థం. ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డం ప్లేటు బోటు అడుగుతో సమానంగా గానీ, కొంచెం పైన గానీ ఉండాలి. మరీ పైకి ఉంటే, లేదా ట్రిమ్ (ఇంజన్ వాలు) మరీ బయటికి పెడితే గాలి లాగుతుంది. జంట ఇంజన్లకు ఒక ఇబ్బంది ఉంది. రెండూ మధ్య గీతకు పక్కగా ఉంటాయి కాబట్టి బోటు మలుపు తిరిగినప్పుడు బయటి వైపు ఇంజన్ పైకి లేస్తుంది. మలుపులో మాత్రమే రేజ్ పెరిగి, తిన్నగా పోతే తగ్గిపోతే అది ప్రొపెల్లర్ జబ్బు కాదు, ఎత్తు సంగతి. ఒక బోటుకు ఇదే ఫిర్యాదు వచ్చింది, కానీ తిన్నగా పోయినా తగ్గేది కాదు. ప్రొపెల్లర్, బుష్, షాఫ్ట్ అన్నీ బాగున్నాయి. చివరికి చూస్తే చేపలు చూసే ఫిష్ ఫైండర్ సెన్సర్‌ను ఎవరో కొత్తగా ఎడమ ఇంజన్‌కు సరిగ్గా ముందు బిగించారు. దాని వెనుక లేచే నురగ అంతా రెక్కల్లోకి పోతోంది. పక్కకు జరిపి బిగిస్తే సరిపోయింది. మీ బోటు అడుగున ఎడమ ఇంజన్‌కు ముందు కొత్తగా బిగించినది, లేచిన ఫైబర్ ముక్క, అతుక్కున్న గుల్లలు ఏమైనా ఉన్నాయా చూడండి.

గుద్దుకున్న బోటు కాబట్టి రెండు ఇంజన్లను కలిపే టై బార్ కూడా చూడాలి. స్టీరింగ్ తిన్నగా పెట్టి, రెండు గేర్ కేసుల ముందు ముక్కుల మధ్య దూరం, వెనుక రెండు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ల మధ్య దూరం కొలవండి. రెండు కొలతల్లో పెద్ద తేడా ఉంటే ఒక ఇంజన్ పక్కకు తిరిగి నిలబడింది. బార్ వంగినా, దాని చివరి నట్టు జరిగినా ఇలా అవుతుంది. అప్పుడు ఒక ప్రొపెల్లర్ నీళ్లను అడ్డంగా కోస్తుంది, బోటు పక్కకు లాగుతుంది.

ఒక జాగ్రత్త. రెండు ప్రొపెల్లర్లూ ఒకే వైపు తిరిగే బోటుకు పుట్టుకతోనే కొంచెం లాగుడు ఉంటుంది. దాన్ని సరిచేయడానికే ప్లేటు కింద చిన్న రెక్కలాంటి ట్యాబ్ ఉంటుంది. స్టీరింగ్ ఏ వైపుకు లాగితే ట్యాబ్ వెనుక అంచును అదే వైపుకు కొంచెం తిప్పి బిగించాలి. కానీ ఇప్పుడు దాన్ని ముట్టుకోకండి. మీ లాగుడు కొత్తగా వచ్చింది, కారణం వేరే ఉంది. ట్యాబ్‌తో కప్పిపెడితే జబ్బు అలాగే ఉంటుంది.

తేలాక ఏం చేయాలి? బుష్ పోతే ప్రొపెల్లర్ పారేయక్కర్లేదు. రెక్కలు బాగుంటే కొత్త బుష్‌ను ప్రెస్‌తో ఎక్కించొచ్చు. మన వైపు ఆ పని చేసేవాళ్లు తక్కువ, చెన్నైకి పంపడమే మేలు. కొన్ని రకాల్లో లోపలి ముక్క విడిగా దొరుకుతుంది, మనమే మార్చుకోవచ్చు. అంచుల్లో చిన్న నొక్కులుంటే ఫైలుతో సాపు చేయండి, మూడు రెక్కలకూ సమానంగా. కొద్దిగా వంగిన అల్యూమినియం రెక్కను చెక్క దిమ్మ మీద పెట్టి తట్టి ఒడ్డుకు చేరడానికి వాడుకోవచ్చు, అంతవరకే. అల్యూమినియం ఒకసారి వంగి మళ్లీ తిన్నగా అయితే ఆ చోట బలం తగ్గుతుంది, మళ్లీ మళ్లీ చేస్తే పగులుతుంది. రెక్క మొదట్లో పగులు ఉంటే వెల్డింగ్ చేయించకండి. లోకల్‌గా వెల్డింగ్ చేసి, గ్రైండర్‌తో రుద్ది, రంగు వేసి ఇచ్చిన ప్రొపెల్లర్లు చూడటానికి కొత్తవాటిలా ఉంటాయి. బండ మీద పెట్టి కొలిస్తే మూడు రెక్కలకు మూడు పిచ్‌లు వస్తాయి.

కొనాల్సి వస్తే ఎడమ వైపు ఒక్కటే కొనండి. కుడిదాని మీద ఉన్న అదే కొలత, అదే కంపెనీ. కుడిది కూడా బాగా అరిగి ఉంటే మాత్రం రెండూ కొని, ఉన్నవాటిలో మంచిదాన్ని స్పేర్‌గా బోటులో పెట్టుకోండి. కొత్తది ఒక వైపు, అరిగినది ఒక వైపు వేస్తే ఇప్పుడున్న తేడాయే తలకిందులుగా మళ్లీ వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు వేయమని ఎవరైనా చెబితే పులికాట్‌కు వద్దంటాను. అది గట్టిది, నిజమే. కానీ ఇసుకకో వల కొయ్యకో తగిలినప్పుడు వంగకుండా దెబ్బనంతా షాఫ్ట్‌కూ గేర్లకూ పంపుతుంది. మన లోతుల్లో అల్యూమినియం రెక్క పోవడమే చౌక. ఇంకోటి, స్టెయిన్‌లెస్ వేస్తే అల్యూమినియం గేర్ కేసు ఉప్పునీళ్లలో త్వరగా తినేయబడుతుంది, ఆనోడ్‌లు (గేర్ కేసు బదులు తాము కరిగిపోయే లోహపు ముక్కలు) ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. ఏ ప్రొపెల్లర్ ఉన్నా ఆనోడ్ సగం కరిగితే మార్చండి, దాని మీద రంగు వేయకండి.

ఈ లోగా బోటు నడపక తప్పకపోతే ఎడమ ఇంజన్‌ను 3,000 దాటనివ్వకండి. పట్టు సడలిన బుష్ కూడా నెమ్మదిగా పోతే చాలావరకు పనిచేస్తుంది. వణుకు ఎక్కువగా ఉంటే, గేర్ ఆయిల్ తెల్లగా ఉంటే అసలు నడపొద్దు, ఆ ఇంజన్‌ను ఆపి పూర్తిగా పైకి టిల్ట్ చేసి కుడిదానితో రండి. నీళ్లలో వదిలేస్తే బోటును వెనక్కి పట్టి లాగుతుంది. ఒక్క ఇంజన్‌తో వచ్చేటప్పుడు బోటు బరువంతా దాని మీదే పడుతుంది, ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా ఆర్‌పీఎం ఎక్కదు. అలా బలవంతంగా ఇస్తే బాగున్న ఇంజన్ కూడా వేడెక్కుతుంది. సగం థ్రాటిల్‌తో, శ్రీహరికోట రోడ్డు వైపు గాలి ఎక్కువగా ఉంటే ఇంకా నిదానంగా రండి. ఇసుక మేటకు తగిలిన బోటు కాబట్టి రెండు ఇంజన్ల వెనుక నీటి పిచికారి సరిగా వస్తోందో లేదో కూడా చూస్తూ ఉండండి. సన్నబడితే ఇసుక చేరింది, ఆపేయండి.

రెండు ప్రొపెల్లర్ల మీద గుద్దిన అంకెలు, బుష్ గీత పరీక్షలో ఏం వచ్చింది, అటుఇటు మార్చాక రెండు మీటర్లూ ఎంత చూపించాయి, ఈ మూడు చెప్పండి. ఎడమ ప్రొపెల్లర్‌ను వెనుక నుంచీ పక్క నుంచీ ఫొటో తీసి పెడితే రెక్కల సంగతి కూడా చూసి చెబుతాను. అప్పటిదాకా కుడి ఇంజన్ కవర్ కూడా తీయనివ్వకండి.